దాటేసిన పద్నాలుగో ప్రకరణం

రిచ్‌మండ్ హిల్,
11 జనవరి 2025

గౌరవనీయులైన హైమావతి గారికి,

పాండురంగ నమస్కరించి రాస్తున్నాను. నేను మీకు తెలియను. మీ పాఠకుణ్ణి కూడా కాను. అంటే, పోయిన వేసవి దాకా కాను. మీ పాఠకురాలు నా భార్య చాముండేశ్వరి. మీరు రాసిన నలభై రెండు నవలల్లో ముప్పై ఎనిమిది మా ఇంట్లో ఉన్నాయి. ఇరవై రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ఇక్కడికి, కెనడాకి వచ్చేటప్పుడు మనిషికి రెండు సూట్‌కేసులు తెచ్చుకోవచ్చన్నారు. నేను దుప్పట్లు, ప్రెషర్ కుక్కర్, నా కొలత పనిముట్లు సర్దుకున్నాను. ఆవిడ ఒక సూట్‌కేసు నిండా మీ పుస్తకాలే సర్దింది. "గిన్నెలు అక్కడా దొరుకుతాయండీ, ఇవి దొరకవు" అంది. నేను విసుక్కున్నాను. మోసింది కూడా నేనే.

మీరంటే నాకు మొదటినుంచీ గిట్టదు. అరవై ఆరేళ్లు వచ్చాక మొహమాటం దేనికి, ఉన్నదే చెబుతున్నాను. మీ కథానాయకుడు ఆరడుగులుంటాడు. వాడికి పనీపాటా ఉండదు. కథానాయిక కాలికి ముల్లు గుచ్చుకుంటే వాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నేను పాలిటెక్నిక్ చదివి బాలానగర్‌లో ఒక కంపెనీ టూల్ రూమ్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేశాను, చివరికి సూపర్‌వైజర్నయ్యాను. మిల్లీమీటర్లో నూరోవంతు తేడా వస్తే ముక్క పారేయాల్సిన పని. ఇంటికి వచ్చేసరికి ఈవిడ వారపత్రిక ఒళ్లో పెట్టుకుని ముక్కు చీదుతూ ఉండేది. "ఏమైంది" అంటే "రోహిణి పెళ్లి ఆగిపోయిందండీ" అనేది. ఆ రోహిణి ఎవరో మా చుట్టాలమ్మాయి అనుకున్నాను మొదటిసారి. మీ సీరియల్లో పిల్లట.

ఇక్కడికొచ్చాక టూల్ రూమ్ పని దొరకలేదు. వాన్ అనే పక్క ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపాను. ఇప్పటికీ వారానికి నాలుగు రోజులు వెళ్తున్నాను. పొద్దున్న ఆరింటికి ఎక్కితే రెండున్నరకి దిగడం. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, కారు ఆపి, కారులోనే ఐదు నిమిషాలు కూర్చుంటాను. లోపలికి వెళ్లడానికి కూడా ఓపిక ఉండదు. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మీ నవలలు నేను ఏ స్థితిలో చదివానో మీకు తెలియాలి.

చాముండేశ్వరికి గ్లాకోమా. కంటి నరం ఎండిపోయే జబ్బు. ఏడేళ్లుగా చుక్కలు వేస్తున్నాం, రెండు ఆపరేషన్లయ్యాయి. పోయిన వేసవి నుంచి అక్షరం కనబడడం లేదు. వెలుగు తెలుస్తుంది, ఎదురుగా మనిషి నిలబడితే తెలుస్తుంది, అంతే. ఒషావాలో ఉండే మా అమ్మాయి రూపకి చెబితే, "డాడ్, దేర్ ఈజ్ యాన్ యాప్ ఫర్ దట్" అంది. ఫోన్‌లో పెట్టి ఇచ్చింది కూడా. పేజీకి ఫొటో తీస్తే అది చదువుతుంది. కథానాయిక ఏడ్చినా, పెళ్లి చేసుకున్నా, రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నట్టే చదివింది. రెండు రోజులు విని చాముండేశ్వరి ఫోన్ పక్కన పెట్టేసింది. గోడ వైపు తిరిగి కూర్చుంది. అలా కూర్చుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. "ఇలా ఇవ్వు, నేను చదువుతాను" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు ఎంత పనికి ఒప్పుకున్నానో.

అప్పట్నుంచి రోజూ ఇదే. నేను వచ్చాక ఇద్దరం అన్నాలు తిని, నాలుగింటికి టీ పెట్టుకుని కూర్చుంటాం. గంటసేపు చదువుతాను. మొదట్లో మధ్యమధ్య నా వ్యాఖ్యానాలు నడిచేవి. "వీడికి ఉద్యోగం లేదా?" అనేవాణ్ణి. "మీకు ఉంది కదా, ఏం లాభం, చదవండి" అనేది. ఎక్కడైనా ఒక మాట తప్పు చదివితే చాలు, "కాదు, 'వెనుదిరిగింది' కాదు, 'వెనుదిరగబోయి ఆగింది'" అని దిద్దుతుంది. ముప్పై ఎనిమిది పుస్తకాలూ ఆవిడకి నోటికి వచ్చు. అలాంటప్పుడు నేను చదవడం దేనికని ఒకరోజు కోపం చేశాను. "నోటికి రావడం వేరు, ఒకరు చదివి పెట్టడం వేరు" అంది.

హైమావతి గారూ, ఇప్పుడు సిగ్గు విడిచి ఒకటి చెబుతాను. 'అతడి గొడుగు' చదువుతున్నప్పుడు, ఆ పిల్ల బస్సు కోసం నిలబడే చోటికి ఎదురుగా ఆ అబ్బాయి గొడుగు పట్టుకుని నిలబడతాడు చూడండి, రోడ్డు దాటి ఇవ్వడానికి ధైర్యం చాలక. మూడు రోజులు నవ్వాను వాణ్ణి చూసి. నాలుగో రోజు వాడు గొడుగు అక్కడ పెట్టేసి తడుస్తూ వెళ్లిపోతాడు. నాకు గొంతు పెగల్లేదు. టీ తాగినట్టు నటించాను. మర్నాడు వేర్‌హౌస్‌లో లంచ్ అప్పుడు కూర్చుని, ఆ గొడుగు ఆ పిల్ల తీసుకుందా లేదా అని ఆలోచిస్తున్నాను. పక్కవాడు రెండుసార్లు పిలిచాడట, వినబడలేదు. మీరు రాసింది తక్కువదని ఇన్నేళ్లు అనుకున్నందుకు మన్నించండి. రాయి లాంటి మనిషిని కూర్చోబెట్టి ఏడిపించడం మామూలు విద్య కాదు.

ఆ నవలలోనే పద్నాలుగో ప్రకరణం ఉంది. ఆ అబ్బాయి రాసిన ఉత్తరాన్ని ఆ పిల్ల అన్నగారు పోస్ట్‌మన్ దగ్గర తీసుకుని బియ్యం డబ్బాలో దాచేస్తాడు. ఆ పిల్ల రోజూ గేటు దగ్గర నిలబడుతుంది. పన్నెండు పేజీలు. నేను ఆ పన్నెండు పేజీలూ చదవలేదు. వేలు తడి చేసుకుని గబుక్కున తిప్పేసి పదిహేనో ప్రకరణం మొదలుపెట్టాను. ఆవిడ టీ తాగుతూ ఉంది, దిద్దలేదు. గమనించలేదనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఎందుకు దాటేశానో చెప్పడానికే ఈ ఉత్తరం.

1996లో చాముండేశ్వరి మీకు ఒక ఉత్తరం రాసింది. పది రోజులు చిత్తు రాసుకుని, గీతల కాగితం మీద నీలి సిరాతో సాపు చేసింది. ఎనిమిది పేజీలు. మీరు ప్రతి పాఠకురాలికీ జవాబు రాస్తారని పత్రికలో వేశారట. కవరు అంటించి, మీ పేరు రాసి, "ఏమండీ, ఆఫీసుకి వెళ్తూ పోస్టులో వేయండి" అని నా చేతికిచ్చింది. అంత దళసరి కవరు, ఏం రాసిందా అని క్యాంటీన్‌లో బ్లేడుతో కోసి చదివాను. ఆరు పేజీలు మీ నవలల గురించే. ఏడో పేజీలో నేనున్నాను. జిరాక్స్ ఈ కవరులోనే పెడుతున్నాను, మీరే చదవండి. నేను ఆ వాక్యాలు ఇక్కడ రాయక తప్పదు.

"మీ హీరోలు చాలా చేస్తారండీ. వానలో నిలబడతారు, కొండలెక్కుతారు. కానీ ఇన్ని నవలల్లో ఒక్కడైనా 'నువ్వు తిన్నావా' అని అడిగాడా? మా వారు మంచివారు. కొట్టరు, తిట్టరు, తాగరు. పెళ్లయి పదకొండేళ్లయింది. ఆయన తిని లేచాక నేను వంటింట్లో ఒక్కదాన్నే తింటాను. నాకు కూర మిగిలిందో లేదో కూడా ఆయనకి తెలియదు. దీన్ని బాధ అనాలో అలవాటు అనాలో మీరే చెప్పండి."

ఆ వారపత్రికలో పాఠకుల ఉత్తరాలకి ఒక పేజీ ఉండేది. పేరు, ఊరు వేసి అచ్చు వేసేవారు. మీరు దీన్ని పత్రికకి ఇస్తే, 'చాముండేశ్వరి, బాలానగర్' అని పడితే? ఆ పత్రిక మా క్యాంటీన్‌కి కూడా వచ్చేది. నా కింద పద్నాలుగు మంది పనిచేసేవారు. పెళ్లానికి అన్నం పెట్టని సూపర్‌వైజర్ అని నవ్వుకుంటారని భయమేసింది. ఆ ఉత్తరం పోస్టు చేయలేదు. "వేశారా?" అని అడిగితే "వేశాను" అన్నాను.

ఆవిడ నాలుగు నెలలు ఎదురుచూసింది. నాకు సెకండ్ షిఫ్ట్ ఉన్న వారాల్లో కళ్లారా చూశాను. పదకొండింటికి పోస్ట్‌మన్ వచ్చేవేళకి చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. తర్వాత గేటు దగ్గరికి రావడం మానేసింది. అంతకుముందు రూప నోటు పుస్తకాల్లో మిగిలిన కాగితాల మీద చిన్నచిన్న కథలు రాసుకునేది. అవీ మానేసింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

ఆ ఉత్తరం ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైలులో ఉంది. చించేయడానికి చేతులు రాలేదు, ఇవ్వడానికీ రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లు. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే చరిత అనే వరంగల్ అమ్మాయి ఇక్కడ కాలేజీలో చదువుతోంది. మీ పబ్లిషర్‌కి ఫోన్ చేసి, "అంకుల్, మేడమ్ ఏలూర్లనే ఉంటున్నరంట, అడ్రస్ పట్టుకొచ్చిన" అని చీటీ చేతిలో పెట్టింది. ఇక తప్పించుకోవడానికి సాకు దొరకలేదు.

నా మనవి ఒక్కటే. వచ్చే నెలాఖరుకి ఆవిడకి అరవై నిండుతాయి. మీరు ఆవిడకి ఒక జవాబు రాయండి. ఆమె ఉత్తరం అప్పట్లోనే అందిందనీ, పాత కాగితాల్లో ఎక్కడో పడిపోయి ఇప్పుడు దొరికిందనీ రాయండి. ఆవిడ సంతోషిస్తుంది. నేను చదివి వినిపిస్తాను. నా సంగతి మాత్రం ఆవిడకి తెలియనివ్వకండి. ఇది పిరికితనమే. నాకు ఓపిక లేదు హైమావతి గారూ. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంటే నేను తట్టుకోలేను.

ఇట్లు,
మీ కొత్త పాఠకుడు
పాండురంగ

*

ఏలూరు,
3 ఫిబ్రవరి 2025

పాండురంగ గారికి,

ఆశీస్సులు. నాకు ఎనభై నాలుగు, కాబట్టి ఆ హక్కు ఉంది. మీ ఉత్తరం, దానితో పాటు చాముండేశ్వరి ఉత్తరం నకలు అందాయి. మీది ఒకసారి చదివాను. ఆవిడది నాలుగుసార్లు చదివాను.

నా కథానాయకుడికి పనీపాటా ఉండదన్నారు. నిజమే. పని ఉన్న మగవాడు ప్రేమ గురించి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు, అందుకని వాళ్లకి పని పెట్టలేదు. గొడుగు దగ్గర మీకు గొంతు పెగల్లేదని రాశారు. ఆ వాక్యం మా పనమ్మాయికి చదివి వినిపించి గొప్పలు పోయాను.

మీరు అడిగిన అబద్ధం మాత్రం రాయను. నలభై ఏళ్లు కట్టుకథలు రాశాను, కానీ ఉత్తరాల్లో ఎప్పుడూ అబద్ధం రాయలేదు. పైగా నా వైపు నుంచి కూడా కాస్త ఆలోచించండి. నాకు వచ్చిన ప్రతి ఉత్తరానికీ కార్డు ముక్కైనా రాశాను. జ్వరంతో పడుకుని కూడా రాశాను. ఇన్నేళ్లుగా మీ ఆవిడ దృష్టిలో నేను జవాబివ్వని పొగరుబోతుని. అది మీ మూలాన. ఇప్పుడు మళ్లీ కాగితాలు పారేసుకునే మతిమరుపు ముసలిదాన్ని కూడా కావాలా? నాకేం ఖర్మ?

గోడ వైపు తిరిగి కూర్చుంటుందని భయమన్నారు. కూర్చోనివ్వండి. అది ఆవిడకి రావాల్సిన కోపం. ఇరవై తొమ్మిదేళ్లుగా దాన్ని కూడా మీరే దాచిపెట్టారు.

ముందు పద్నాలుగో ప్రకరణం చదవండి. ఒక్క మాట కూడా దాటవేయకండి, అది రాయడానికి నాకు నెల పట్టింది. తర్వాత ఆవిడ ఉత్తరం ఆవిడకే చదివి వినిపించండి. ఆ తర్వాత ఇందులో ఉన్న చిన్న కవరు తీయండి. అది చాముండేశ్వరికి. ఎలాగూ చదవాల్సింది మీరే, కవర్లు కోసే అలవాటు కూడా మీకు ఉంది కాబట్టి, అంటించలేదు.

శుభం.
హైమావతి

*

రిచ్‌మండ్ హిల్,
9 మార్చి 2025

ప్రియమైన హైమావతి గారికి,

చాముండేశ్వరి నమస్కారాలు. నేను చెబుతుంటే మా వారు రాస్తున్నారు. చెప్పింది చెప్పినట్టు రాయాలని ముందే ఒట్టు వేయించుకున్నాను. రాసిన ప్రతి పేజీ ఆయన చదవాలి, కింద ఉన్న చరితని పిలిచి ఆ అమ్మాయి చేత కూడా చదివిస్తాను. రెండూ ఒకటి కాకపోతే మళ్లీ రాయాలి. ఇలా అన్నందుకు ఆయన మొహం ఎలా పెట్టారో నాకు కనబడలేదు గానీ ఊహించగలను.

మీ ఉత్తరం వచ్చినట్టు నాకు తెలియదు. ఉన్నట్టుండి నవల చదవడం మానేశారు. గొంతు బాగాలేదన్నారు. పది రోజులు మిరియాల పాలు కాచి ఇచ్చాను. గొంతు బాగానే ఉంది, మనిషే బాగాలేరని నాకు తెలుస్తూనే ఉంది. నా అరవయ్యో పుట్టినరోజుకి రూప ఒషావా నుంచి కేకు తెచ్చింది. ఆ రోజు కూడా సగం మాటలే మాట్లాడారు. పోయిన ఆదివారం నాలుగింటికి టీ తెచ్చి పెట్టి, "పద్నాలుగో ప్రకరణం" అన్నారు. పన్నెండు పేజీలూ చదివారు. ఆ పిల్ల గేటు దగ్గర నిలబడే చోట ఆగిపోయారు. నేను సాయం చేయలేదు. తర్వాత ఏదో కాగితాలు విప్పిన చప్పుడైంది. "గౌరవనీయులైన హైమావతి గారికి" అని మొదలుపెట్టారు. మొదటి వాక్యానికే నా ఉత్తరమని తెలిసిపోయింది. ఎవరి ఉత్తరం వాళ్లకి తెలియదా?

ఎనిమిది పేజీలూ చదివారు. ఏడో పేజీ కూడా, ఒక్క ముక్క వదలకుండా. చదివాక "ఇది నేను పోస్టు చేయలేదు చాముండీ" అన్నారు.

"నాకు తెలుసు" అన్నాను.

ఇక్కడ ఆయన కలం ఆపారు. "రాయండి" అన్నాను. రాస్తున్నారు.

నాకు 2003 నుంచి తెలుసు హైమావతి గారూ. కెనడాకి బయల్దేరేటప్పుడు సామాన్లు సర్దుతూ, సర్టిఫికెట్లన్నీ ఉన్నాయో లేదో అని ఆయన ఫైలు విప్పాను. డిప్లొమా వెనకాల నా కవరు ఉంది. బ్లేడుతో కోసి ఉంది. మీ పేరు నా దస్తూరీలోనే ఉంది. కింద కూర్చుండిపోయాను. కోపం రాలేదని కాదు, ఒళ్లు మండిపోయింది. అప్పటికి ఏడేళ్లు నేను ఏమనుకున్నానో తెలుసా మీకు? నా ఉత్తరం జవాబుకి కూడా తగనిదనుకున్నాను. మీరు అందరికీ రాస్తారు, నాకు రాయలేదంటే నా రాతే అంత అధ్వాన్నమనుకున్నాను. అందుకే నా కథలు మానేశాను. ఆ ఏడేళ్లూ, ఆ తర్వాత మళ్లీ కాగితం పట్టుకోలేకపోయిన ఏళ్లూ నాకు ఎవరూ తిరిగివ్వలేరు. ఈ వాక్యం ఆయన చేత రెండుసార్లు చదివించుకున్నాను, సరిగ్గా రాశారో లేదోనని. సరిగ్గానే రాశారు.

రెండు రోజులు కూరలో ఉప్పు వేయలేదు. ఆయన మాట్లాడకుండా తిన్నారు. ఆ రెండో రోజు తింటుంటే నాకు ఒకటి తట్టింది.

నేను ఆ ఉత్తరం ఇచ్చిన వారంలోనే ఆయన ఒకరోజు అన్నానికి కూర్చుని, "నీ కంచం ఏది?" అన్నారు. "మీరు కానివ్వండి" అన్నాను. "నీ కంచం కూడా పెట్టు" అన్నారు. ఇదేం కొత్త అనుకున్నాను. మెల్లగా తినమని కంపెనీ డాక్టరెవరో చెప్పి ఉంటాడులే అనుకున్నాను, తోడు ఉంటే మెల్లగా తింటారు కదా. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. సెకండ్ షిఫ్ట్ ఉంటే రాత్రి ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగేవారు. ఎదురింట్లో ఉండేది ఫోన్, వాళ్లు నవ్వేవారు. ఇక్కడికొచ్చాక కూడా అంతే. వేర్‌హౌస్‌లో రెండున్నరకి బండి దిగి, ఆకలితో, నొప్పులతో ఇంటికొచ్చి, మూడింటికి నాతో కలిసి తింటారు. లంచ్ డబ్బా పెడితే సగం తినకుండా తెస్తారు. ఇన్నేళ్లలో నేను ఒక్కదాన్నే తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఉప్పు లేని కూర రోజు నాకు అర్థమైంది, ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో.

మరి ఎందుకు అడగలేదంటే, భయం. అడిగితే ఆయన ఇదంతా సిగ్గుతో చేస్తున్నారో ప్రేమతో చేస్తున్నారో కూడా అడగాల్సి వస్తుంది. సిగ్గుతోనే అంటే? ఆ జవాబు విని మళ్లీ రెండు కంచాలు పెట్టుకోగలనా? కవరు ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టేశాను. కొత్త దేశం, చదువుకునే పిల్ల, దేనికీ ఓపిక లేదు. అలా ఇరవై రెండేళ్లు జరిగిపోయాయి. ఆయన దాచారు, ఆయన దాచారన్నది నేను దాచాను. ఆయన పద్నాలుగో ప్రకరణం దాటేసినప్పుడు నవ్వొచ్చింది. నోటికి వచ్చిన పుస్తకంలో పన్నెండు పేజీలు పోతే నాకు తెలియదనుకున్నారు పాపం. ఇవాళ కాకపోతే రేపు చెబుతారని టీ తాగుతూ కూర్చున్నాను.

ఆదివారం అడిగేశాను. "సిగ్గా, ప్రేమా?" అన్నాను. లేచి వెళ్లి టీ కప్పులు కడిగిన చప్పుడైంది. తిరిగి వచ్చి కూర్చుని "మొదటి ఏడాది సిగ్గే. తర్వాత ఒక్కణ్ణే తినడం చేతకాలేదు" అన్నారు. ఆ పైన మీకు తాను ఏం రాశారో చెప్పి, మీ జవాబు చదివి వినిపించి, నా పేరున ఒక చిన్న కవరు కూడా ఉందన్నారు.

నేను ఏడ్చాను. ఆయన అనుకున్నట్టే గోడ వైపు తిరిగి కూర్చున్నాను. రెండు పూటలు మాట్లాడలేదు. రాత్రి కంచం ముందు కూర్చున్నాను గానీ మాట్లాడలేదు. మీరన్నట్టు అది నాకు రావాల్సిన కోపం, పూర్తిగా తీర్చుకున్నాను. అలసిపోయాను కూడా. సోమవారం పొద్దున్న ఆయన నా కంట్లో చుక్కలు వేస్తుంటే, "ఆ చిన్న కవరు చదవండి" అన్నాను.

మీ చీటీ ఇప్పటికి ఆరుసార్లు చదివించుకున్నాను. "అమ్మాయీ, నీ ఉత్తరం నాకు అప్పుడే వచ్చి ఉంటే కోపం తెచ్చుకుని ఉండేదాన్ని. ఇప్పుడు నిజం చెబుతాను. నా హీరోలు 'నువ్వు తిన్నావా' అని అడగకపోవడానికి కారణం, నన్ను ఎవరూ అడగలేదు. చూడనిది రాయడం నాకు రాలేదు. వాన చూశాను, కొండలు చూశాను, అవే రాశాను. పదకొండేళ్లయింది రాయడం మానేసి. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు." మీరు ఇవాళ తిన్నారా హైమావతి గారూ? ఎవరైనా అడిగారా? నేను అడుగుతున్నాను.

మీరు చూడలేదన్నారు. నేను చూశాను. అందుకని వారం రోజులుగా ఒక కథ చెబుతున్నాను, ఆయన రాస్తున్నారు. నాలుగింటికి మీ నవల అరగంట, తర్వాత నా కథ అరగంట. ఒక టూల్ రూమ్ సూపర్‌వైజర్ కథ. హీరో ఆరడుగులు లేడు, మోకాళ్ల నొప్పులు. "నన్ను మరీ వెధవని చేస్తున్నావు" అని గొణుగుతారు. "పని ఉన్న హీరోని ఎవరో ఒకరు రాయాలి కదండీ, రాయండి" అంటాను. మొదటి ప్రకరణం పద్దెనిమిది పేజీలు వచ్చింది. ఇందులోనే పెడుతున్నాను. తప్పులుంటే కోప్పడండి. బాగుంటే కార్డు ముక్క రాయండి. బాగాలేకపోయినా రాయండి. డాక్టరు ఈ ఉన్న వెలుగు కూడా ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. కథకి వెలుగు అక్కర్లేదు గానీ, మీ జవాబు వచ్చేటప్పుడు కాగితం తెల్లగా కనబడితే బాగుండునని ఉంది.

కింద సంతకం నాది. గీత తప్పితే చూపు వల్ల, చెయ్యి వణికి కాదు.

ఈ కవరు ఇద్దరం కలిసి అంటించాం. మా వీధి చివర ఎర్ర డబ్బా ఉంది. మంచు ఇంకా కరగలేదు, జారుతుందని ఆయన భయపడుతున్నారు. తాను వెళ్లి వేసి వస్తానన్నారు. వద్దన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని నేనూ వస్తాను. మూత ఆయన ఎత్తి పట్టుకోవాలి, వేసేది మాత్రం నేను. లోపల పడిన చప్పుడు విన్నాకే ఇంటికి వచ్చి అన్నం తింటాం.

ఇట్లు,
చాముండేశ్వరి

రాసినది: పాండురంగ